పలక ఎరగని ఐదడుగులు

రోజు 1
అంకె: 212

ఈ పుస్తకంలో రోజూ అంకె ఒక్కటే రాయాలట. పుస్తకం ఇచ్చిన నగరాఫీసు ప్రభుదాసు గారు మరీ మరీ చెప్పి వెళ్ళారు. "తాతగారూ, మీ గేటు ముందు పలక పక్కనున్న గాజు బిళ్ళలో ఆ రోజు అంకె కనబడుతూ ఉంటుంది. సాయంత్రం ఆరింటికి అది చూసి ఇందులో ఎక్కించండి, అంతే. పలక అంకె, పుస్తకం అంకె ఒక్కటిగా ఉండాలి. తేడా వస్తే ఆ రోజు చెల్లదు." అంతే అన్నారు గానీ అంకె కింద పేజీ అంతా ఖాళీ! నలభై ఏళ్ళు తాపీ పట్టినవాణ్ణి, ఖాళీ కనిపిస్తే నింపకుండా ఉండలేను. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించాలి, నాది ఆరో తరగతి చదువు.

నా పేరు తాతబ్బాయి. చేమంతి నగర్ మూడో వీధిలో ఆరో నంబరు ఇల్లు మా అమ్మాయి నీలవేణిది. ఈ వేళ నా కూతురు గీసిన నడకదారి తెరిచారండీ! మనుషులు కాళ్ళతో నడిచే దారి! మూడో వీధి ఇళ్ళ వెనక గోడ, నాలుగో వీధి ఇళ్ళ వెనక గోడ, ఈ రెండింటి మధ్యా ఆరడుగుల సందు ఎన్నాళ్ళ నుంచో ఉత్తగా పడి ఉండేది. గోడలకు పద్నాలుగు చోట్ల కంతలు కొట్టి గేట్లు పెట్టారు. ప్రతి గేటు ముందూ దారి మధ్యలో నాలుగడుగుల నల్ల పలక పరిచారు. మనిషి అడుగు పడితే అది లెక్కపెట్టుకుంటుంది. పలకకు అటో అడుగు, ఇటో అడుగు గడ్డి.

ఆ గోడలు కట్టింది ఎవరనుకున్నారు? నేనే. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట. సిమెంటు మాలు కలిపింది మా ఆవిడ రత్నమ్మ. ఎంత గట్టిగా కట్టామంటే, మొన్న కంతలు కొట్టడానికి ఇద్దరికి మూడు రోజులు పట్టింది. పక్కన నిలబడి ఓ పక్క తిట్టుకున్నాను, ఓ పక్క మురిసిపోయాను. రత్నమ్మ ఉంటే "అంత సిమెంటు ఎవరు పొయ్యమన్నారు నిన్ను" అనేది.

రోజు 2
అంకె: 341

పొద్దున్నే దారి ఊడ్చి, పద్నాలుగు పలకలూ నీళ్ళతో కడిగాను. ఇది నా పని. దారికి కాపలాదారుగా నన్ను పెట్టారు. గీసినామె తండ్రిని పెట్టొచ్చా అని మా అమ్మాయే అడిగితే, లెక్క పలకలది గదా, ఎవరుంటే ఏమిటన్నారట.

పదకొండో నంబరు ఖాసింబీ గేటు తీసుకుని తల మాత్రం బయటపెట్టింది. కాళ్ళకు మేజోళ్ళున్నాయి.

"మేస్త్రన్నా, ఇదేనా దారి? నడవచ్చా?"

"నడవడానికే గదమ్మా!"

"డబ్బాలు వచ్చి గుద్దవు గదా?"

ఆవిడ భయం ఆవిడది. మన రోడ్ల మీద మనిషి కాలు పెట్టి ఎన్నేళ్ళయింది! పొద్దున్న లేస్తే డబ్బా బండే. హాల్లోని గూట్లోకి వచ్చి ఆగుతుంది, తలుపు జరుగుతుంది, కూర్చుంటాం, ఇంకొకరి హాల్లో దిగుతాం. ఖాసింబీ చెల్లెలు గౌసియా ఇల్లు వెనక వీధిలోనే, గోడకు అవతల రెండిళ్ళ పక్కన. డబ్బాలో వెళ్తే కాలనీ అంతా చుట్టి నాలుగు కిలోమీటర్లు. ఎనిమిదేళ్ళుగా అక్కాచెల్లెళ్ళు పండక్కీ పబ్బానికే కలుసుకుంటున్నారు. ఆ గోడ కట్టిన పాపిష్టి చెయ్యి నాదే.

ఈ వేళ ఆవిడ ఇరవై ఆరు అడుగులేసి చెల్లెలి గేటు కొట్టింది. లోపల గౌసియా "వస్తున్నా, వస్తున్నా" అంటూ హాల్లోకి పరిగెత్తి డబ్బా గూడు ముందు నిలబడిందట! చప్పుడు వెనకనుంచి వస్తోందని తెలియడానికి పావుగంట పట్టింది. ఇద్దరూ గేటు దగ్గర ఒకరినొకరు పట్టుకుని ఒకటే ఏడుపు, ఒకటే నవ్వు. నేను అటు తిరిగి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను.

రోజు 5
అంకె: 655

కాలనీలో సగం మందికి బయట తిరిగే చెప్పులే లేవు. ఖాసింబీ ఎక్కడినుంచో ఎనిమిది జతలు సంపాదించి గేటు దగ్గర వరసగా పెట్టింది. ఎవరికి సరిపోయినవి వాళ్ళు వేసుకుని, తిరిగొచ్చి అక్కడే విడవాలి. ఒక కాలికి నీలం, ఇంకో కాలికి ఆకుపచ్చ వేసుకుపోయినవాళ్ళూ ఉన్నారు.

మొదటి రోజు మురిపెంలో నిబంధనలు రాయడం మరిచాను. ఈ నలభై రోజుల్లో ఏవైనా మూడు రోజులు వరసగా వెయ్యి అడుగులు దాటితే దారి శాశ్వతంగా ఉంటుంది. దాటకపోతే గోడలు మూసేసి, ఈ చోటు డబ్బాలు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారు. మా అమ్మాయి ఇంకో పదహారు కాలనీలకు గీసి పెట్టింది. ఇది నిలిస్తేనే అవి కాగితం మీదనుంచి లేస్తాయి. ఇది పోతే అన్నీ పోయినట్టే. ఆరేళ్ళ కష్టం.

ఇంకో మాట. కాపలాదారు ఎవరితోనూ "పలక మీద అడుగెయ్యండి" అనకూడదు. అంటే లెక్కంతా రద్దు. దారి గీసినవాళ్ళు నలభై రోజులూ దారిలో కాలు పెట్టకూడదు. పాపం నీలవేణి మేడ మీద కిటికీలోంచి చూడాల్సిందే. చంకలో మనవరాలు తన్విక. పదకొండో నెల. గోడ పట్టుకుని నిలబడుతుంది, వదిలితే కూలబడుతుంది. కిటికీలోంచి నన్ను చూసి రెండు చేతులూ చాపుతుంది. నా ప్రాణం అక్కడే ఉంటుంది.

పలక మీద పిల్లి నడిచింది. అంకె కదల్లేదు. పది కిలోలకు తక్కువ బరువుంటే లెక్కపెట్టదట. బాగానే ఆలోచించారు.

రోజు 9
అంకె: 940

తొమ్మిది వందల నలభై! ఇంకో అరవై ఉంటే వెయ్యి! నీలవేణి కిటికీలోంచి "ఎంత నాన్నా?" అని అరిచింది. నేను చెప్పాను. పిల్లను ఎత్తుకుని గిర్రున తిరిగింది.

పొద్దున్న ఇంకో మంచి పని జరిగింది. రెండో నంబరు దమయంతమ్మ గారు చేతిలో ముగ్గు డబ్బాతో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. బ్యాంకులో పని చేసి రిటైరయిన మనిషి, మాట కటువు, మనసు వెన్న.

"మేస్త్రిగారూ, ఇన్నేళ్ళూ బాల్కనీలో పీట మీద వేసుకుంటున్నాను ముగ్గు. చూసేవాడు లేడు, దాటేవాడు లేడు. ఇప్పుడు దారి వచ్చింది గదా, ఎక్కడ వెయ్యను? గడ్డి మీద పడదే!"

నేను అప్పుడే కడిగిన పలక నల్లగా నిగనిగలాడుతోంది. "ఇదుగో తల్లీ, మీ కోసమే పరిచినట్టుంది. ఇక్కడ వెయ్యండి!" అన్నాను.

ఆవిడ వంగి చుక్కలు పెడుతుంటే చూశాను. పదిహేను చుక్కలు, మధ్యలో తామరలు. నల్ల పలక మీద తెల్లటి ముగ్గు! చుట్టూ పదిమంది చేరారు. నా కళ్ళు చెమర్చాయి. వాకిలి అనే మాట విని ఎన్నాళ్ళయింది!

రోజు 13
అంకె: 782

తొమ్మిది ఇళ్ళవాళ్ళు ముగ్గులేస్తున్నారు! నేను తెల్లారగట్ల కడిగి వెళ్ళడం, వాళ్ళు వెనకే రావడం. దమయంతమ్మ గారు వరసగా నడుస్తూ మార్కులు కూడా వేస్తున్నారు. "ఇది మెలికల ముగ్గా, చిక్కు పడ్డ దారమా?" అని పన్నెండో నంబరు కోడలిని అనేశారు. ఆ పిల్ల మర్నాడు పంతం పట్టి ఇరవై ఒక్క చుక్కలు పెట్టింది.

జనం మొన్నటికంటే ఎక్కువే వచ్చారు. అంకె మాత్రం తగ్గింది. పలకలు తడిగా ఉన్నాయేమో.

రోజు 17
అంకె: 431

ఇదేం విడ్డూరం! సాయంత్రమంతా దారిలో జనం పొంగిపొర్లారు. గౌసియా వాళ్ళ గేటు దగ్గర సేమ్యా పాయసం పంచారు. నాలుగో వీధిలో ఒకాయన ఇరవై ఏళ్ళుగా ఇల్లు కదలనివాడు చేతికర్రతో మూడు గేట్ల దాకా నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తీరా ఆరింటికి గాజు బిళ్ళ చూస్తే నాలుగు వందల ముప్పై ఒకటి.

ప్రభుదాసు గారికి కబురు పెట్టాను. ఆయన కూర్చున్న చోటినుంచే పలకలు పరీక్షించి "అన్నీ బాగున్నాయి తాతగారూ, పడిన అడుగు పడినట్టే లెక్కపెడుతున్నాయి" అన్నారు.

రోజు 21
అంకె: 206

పద్నాలుగు గేట్ల ముందూ ముగ్గులే. దారి పెళ్ళివారి వీధిలా ఉంది. అంకె రెండు వందలు.

నీలవేణి అన్నం కెలికి లేచిపోయింది. "నాన్నా, జనం కనబడుతున్నారు గానీ అడుగులు కనబడట్లేదు. నేనేదో తప్పు గీశాను" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నా కూతురు తప్పు గీయడమా! పలకలకు నా మీద ఏదో కోపం ఉండాలి.

తన్విక మాత్రం గోడ వదిలేసి ఒక్క క్షణం తనంతట తాను నిలబడింది. నిలబడ్డానని తెలిసి భయపడి కూలబడింది. దాని ముఖం చూడాలి మీరు!

రోజు 26
అంకె: 188

దొరికింది. దొంగ దొరికాడు. నేనే.

పొద్దున్న అమ్మాయి కిటికీలోంచి పిలిచింది.

"నాన్నా, మనుషులు తిన్నగా నడవట్లేదు. పైనుంచి చూస్తే పాము పోతున్నట్టు మెలికలుగా పోతున్నారు. ఏమైనా అడ్డం ఉందా అక్కడ?"

"ఏ అడ్డమూ లేదమ్మా, నేను రోజూ ఊడుస్తున్నాగా!"

అని కిందకు చూశాను. గోడ కట్టేవాడికి కన్ను ముందు నేల మీదకే పోవాలి. నేను ఇన్నాళ్ళూ ముగ్గులు చూసి మురిసిపోతూ నేల చూడలేదు. పలకలకు రెండు పక్కలా ఉన్న అడుగేసి గడ్డి అరిగి మట్టి తేలిపోయింది. నున్నగా, గట్టిగా, కాలిబాట లాగా. ముగ్గు తొక్కకూడదని ఒక్కొక్కరూ పక్కకు జరిగి గడ్డి మీద నడుస్తున్నారు! ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? ముగ్గు తొక్కే పిల్లను ఏ అమ్మమ్మ ఊరుకుంది? పిల్లలైతే ఏకంగా గెంతి దాటుతున్నారు.

ముగ్గులు పెరిగినకొద్దీ జనం పెరిగారు. జనం పెరిగినకొద్దీ అంకె తగ్గింది. ఆ పలక చూపించి "ఇక్కడ వెయ్యండి" అన్న పెద్దమనిషి తాతబ్బాయి మేస్త్రి.

కిటికీ కింద నిలబడి చెప్పాను. నీలవేణి కిటికీలోంచి వంగి అరిగిన గడ్డి వంక చూసింది. తర్వాత నవ్వింది. "పోనీలే నాన్నా, దారి బాగుంది గదా. తప్పు దారిది కాదు" అంది. నా తల్లే. తిట్టినా బాగుండేది.

రోజు 27
అంకె: 175

దమయంతమ్మ గారితో మాట్లాడదామని వెళ్ళాను. ఏమని చెప్పను? పలక మీద అడుగులు పడాలని నోరు జారితే లెక్క రద్దు. ముగ్గు తీసెయ్యమంటే? ఆవిడ నన్ను చూడగానే చేతిలో కాఫీ పెట్టారు.

"మేస్త్రిగారూ, మీకు తెలుసా, మోకాళ్ళ నొప్పి తగ్గింది నాకు. పొద్దున్న ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను. రేపు ఏ ముగ్గు వెయ్యాలా అని ఆలోచిస్తూ లేస్తున్నాను. ఇన్నేళ్ళకు నాకు వాకిలి వచ్చింది."

కాఫీ తాగి వచ్చేశాను. ముగ్గుల వల్లే గదా సగం మంది బయటికొచ్చారు! అవి పోతే జనమూ పోతారు. ముగ్గూ ఉండాలి, పలకా ఖాళీ కావాలి. మంచం మీద పడుకుని వాసాలు లెక్కపెట్టాను. మా ఇంట్లో వాసాలు లేవు, అయినా లెక్కపెట్టాను.

మధ్యాహ్నం లేచి అటక మీద నా పాత సంచీ దించాను. తాపీ ఉంది, రసమట్టం ఉంది. అడుగున ఎర్ర ఆక్సైడు రంగు డబ్బా, మూత కూడా తీయనిది. రత్నమ్మ దాచిపెట్టింది, "మన సొంత ఇంటికి" అని. సొంత ఇల్లు కట్టలేదు. డబ్బా ఉంది.

రోజు 28
అంకె: 190

ముగ్గుకు నల్ల పలకకంటే గొప్ప నేల ఏది? ఎర్ర గచ్చు! అంతకు మించింది భూమ్మీద లేదు. గోడ పగలగొట్టిన కంతలో, గేటు కింద, ప్రతి ఇంటికీ రెండడుగుల వెడల్పున ఎర్ర గచ్చు పోస్తాను. ఎవరికీ ఏమీ చెప్పను. మంచి చోటు కనిపిస్తే ఆడవాళ్ళే అక్కడ వేసుకుంటారు.

మొదటిది దమయంతమ్మ గారి గేటు కింద. మాలు కలుపుతుంటే చేతులు వాటంతట అవే పని చేశాయి. మోకాళ్ళు మాత్రం తిట్టాయి.

"ఏం చేస్తున్నారు?"

"గడప ముందు గచ్చమ్మా. వాకిలన్నాక గచ్చుండొద్దూ?"

"ఈ వయసులో మీకెందుకీ పని?"

"ముప్పై ఏళ్ళ కిందట ఈ గోడకు గుమ్మం పెట్టడం మరిచిపోయాను. ఆ బాకీ తీరుస్తున్నాను."

ఆవిడ లోపలికి వెళ్ళారు. బకెట్టుతో నీళ్ళు తెచ్చిచ్చారు.

రోజు 31
అంకె: 183

పద్నాలుగూ అయ్యాయి! నాలుగు రోజులు, ఒక ముసలాడు, ఒక తాపీ! ఖాసింబీ నడుముకు నూనె ఇచ్చింది. గచ్చు పైన తడి ఆరకముందే ఆక్సైడు చల్లి, తాపీ మడమతో రుద్ది రుద్ది అద్దంలా తేల్చాను. ఇంకో ఐదు రోజులు తడుపుతూ ఉండాలి, ఎవరూ తొక్కకూడదు, దాటుకుని పోవాలి. పద్నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళూ వంతులేసుకుని తడుపుతున్నారు. ముగ్గులు ఇంకా పలకల మీదే. ఉండనీ.

తొమ్మిది రోజులున్నాయి. గచ్చు తొందరపెడితే పగులుతుంది. ఇది మా అమ్మాయికి చెప్తే "నేను తొందరపడట్లేదు నాన్నా, నువ్వే నాలుగుసార్లు గచ్చు దగ్గరికి వెళ్ళొచ్చావు" అంది.

రోజు 36
అంకె: 264

ఈ పొద్దున్న పద్నాలుగు ముగ్గులూ ఎర్ర గచ్చు మీదికి వచ్చేశాయి! నేను నోరు మెదపలేదు. దమయంతమ్మ గారు గచ్చు మీద వేలితో రాసి, చెంపకు ఆనించుకుని, "ఇదండీ నేలంటే!" అని అక్కడే కూర్చుండిపోయారు. ఎరుపు మీద తెలుపు, రాసి చెప్పలేను, వచ్చి చూడాల్సిందే. పలకలు నల్లగా, ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి.

ఆరింటికి పరిగెత్తుకుంటూ గాజు బిళ్ళ దగ్గరికి పోయాను. రెండు వందల అరవై నాలుగు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అదే.

రోజు 37
అంకె: 287

పొద్దుటినుంచీ బల్ల వేసుకుని కూర్చుని కాళ్ళే చూశాను. పలక మీద ముగ్గు లేదు, చుక్క లేదు, అయినా జనం పలక దగ్గరికి రాగానే పక్కకు జరుగుతున్నారు! కబుర్లాడుతూనే, చూడకుండానే. ఇరవై ఏడు రోజుల అలవాటు. ఖాసింబీ జరిగింది. చేతికర్ర ఆయన జరిగాడు. కోపం వచ్చి లేచి చీపురు తీసుకుని నాలుగు గేట్లు దాటాక చూసుకున్నాను గదా, నేనూ గడ్డి మీదే నడుస్తున్నాను!

లెక్క చాలా సులువు. మిగిలింది మూడు రోజులు. రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి, మూడు రోజులూ వెయ్యి దాటాలి. ఒక్కటి తప్పినా అయిపోయింది. అడుగెయ్యమని చెప్పడానికి నాకు నోరు లేదు.

ఇంట్లోకి వచ్చి హాల్లో కూలబడ్డాను. నీలవేణి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నా ముఖంలోనే అంకె కనబడింది కాబోలు. తన్విక సోఫా పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది. చూసి చూసి సోఫా వదిలేసింది. ఒక అడుగు. ఇంకో అడుగు. మూడో అడుగుకు నా ఒళ్ళో పడింది.

అమ్మా! ఏం రాయను! పిల్ల నడిచింది! నేను, నీలవేణి, అల్లుడు ముగ్గురం ఒకేసారి అరిచేసరికి పిల్ల జడుసుకుని ఏడ్చింది. దారి లేదు, పలక లేదు, అంకె లేదు, కాసేపు అన్నీ మరిచిపోయాం.

"అరిసెలు వండాలి నాన్నా, అడుగులకు. రేపు హాల్లోనే చేసేద్దాం, నలుగురినీ పిలుద్దాం" అంది నీలవేణి.

"హాల్లో ఎందుకమ్మా," అన్నాను, "మనకు వాకిలుంది గదా."

నా మనసులో ఏముందో దానికి తెలిసిపోయింది. "నాన్నా, నువ్వు ఎవరికీ ఏమీ చెప్పకూడదు, గుర్తుందా?" అంది.

"నేనేం చెప్పను. పిల్ల అడుగులేస్తుంది, నేను అరిసెలు పెడతాను. అంతే గదా ఆచారం!"

రోజు 38
అంకె: 1388, ఇంకా 5

దమయంతమ్మ గారింట్లో పాకం పట్టారు. "పాకం ముదిరింది" అని మా అల్లుణ్ణి ఆవిడ తిట్టడం మా ఆరో నంబరు దాకా వినబడింది. తొమ్మిదింటికి పళ్ళెం నిండా వేడివేడి అరిసెలొచ్చాయి. రెండు వీధుల జనమూ వచ్చారు. గేటు లోపల, ఎర్ర గచ్చుకు ఇవతల, పట్టు చీర కట్టుకుని నీలవేణి నిలబడింది. దారిలోకి రాకూడదు గదా. బిడ్డ మొదటి నడకకు తల్లి గుమ్మం లోపలే ఉండిపోవాల్సి వచ్చింది. ఆ ఒక్కటే నాకు ముల్లు.

మా గేటు ముందు పలక కడిగి, తుడిచి, తెల్ల గుడ్డ పరిచి, ఐదు అరిసెలు వరసగా పెట్టాను. అవతలి చివర నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. నీలవేణి దారిలో కాలు పెట్టకుండా గచ్చు మీంచి వంగి, పిల్లను పలక అంచున నిలబెట్టి చెయ్యి వదిలింది.

జనం అంతా ముందుకు వంగారు. తన్విక అరిసె వంక చూసింది, నా వంక చూసింది. మొదటి అరిసె మీద కాలు పెట్టింది. చురుక్కుమందో మెత్తగా తగిలిందో, ముఖం చిట్లించింది. రెండోది. మూడోది పుటుక్కున విరిగింది. నాలుగు. ఐదు. వచ్చి నా మీసం పట్టుకుంది.

"నడిచింది! నడిచేసింది!" అని ఖాసింబీ పలక మీదికి ఒక్క దూకు దూకి పిల్లను నా చేతుల్లోంచి లాక్కుంది. "మా ఇంటి దాకా నడిపిస్తా!" "ముందు మా గేటు!" "ఏం, మేం అరిసెలు తినమా?" పళ్ళెం పట్టుకుని దమయంతమ్మ గారు ముందు, పిల్లను ఎత్తుకుని ఖాసింబీ వెనక, ఆ వెనక అందరూ. ప్రతి గేటు ముందూ పలక మీద ఒక అరిసె పెట్టడం, పిల్ల చేత ఒక కాలు ఆనించడం, చుట్టూ మూగడం, అరిసె ముక్కలు చేసి పంచుకోవడం. పలకకు పక్కనుంచి ఎవరు పోతారు? పిల్ల పలక మీద ఉంటే! పద్నాలుగు గేట్లూ తిరిగి, అదీ చాలక మళ్ళీ వెనక్కి తిరిగారు. సాయంత్రం పిల్లలు ఆ ఆటే ఆడారు, పలక మీంచి పలక మీదికి, కాళ్ళు చప్పుడయ్యేలా.

ఆరింటికి బిళ్ళలో వెయ్యిన్ని మూడు వందల ఎనభై ఎనిమిది!

కానీ అందులో మా పిల్ల అడుగులు లేవు. తన్విక తొమ్మిది కిలోలు. పిల్లి లెక్కే. తెల్ల గుడ్డ మీద ఐదు అడుగులూ పడుతుంటే బిళ్ళ కేసి చూస్తానని గౌసియా అక్కడే నిలబడిందట. కదల్లేదంది. అంకె మాత్రమే రాయాలని తెలుసు. తేడా రాకూడదనీ తెలుసు. అయినా పక్కన ఐదు వేశాను. ఆ ఐదు లేకుండా మిగతా అంకె లేదు గదా.

రోజు 39
అంకె: 1156

అలవాటు తిరిగొచ్చింది. నడిచేవాళ్ళు పలకల మీంచే తిన్నగా పోతున్నారు. నేను ఒక్క మాటా అనలేదు, దేవుడి తోడు. గడ్డి పక్కన మట్టి మీద కొత్త మొలకలు కనబడుతున్నాయి.

నీలవేణి నిన్నటి పేజీ చూసి తల పట్టుకుంది. "నాన్నా! ఆ ఐదు ఎందుకు రాశావు? తేడా ఉంటే నిన్నటి రోజు చెల్లదు. మూడు రోజులు వరస కావాలి!"

నిజమే. ఆనందంలో కాలు జారాను. చెరిపేద్దామంటే సిరా. కొట్టేస్తే దిద్దిన పుస్తకం చెల్లదట. రేపు ప్రభుదాసు గారొస్తారు.

రోజు 40
అంకె: 1104

సాయంత్రం ప్రభుదాసు గారు డబ్బాలో మా హాల్లో దిగారు. కాళ్ళకు మేజోళ్ళే. ఖాసింబీ తెచ్చిన నీలం చెప్పులు వేసుకుని దారిలోకి వచ్చారు. గాజు బిళ్ళ చూశారు, పుస్తకం తిప్పారు. ఒక్కో పేజీ చదువుతున్నారు. ముప్పై తొమ్మిది పేజీలూ నిండి ఉన్నాయి గదా, ఆలస్యమైంది. మధ్యలో రెండుసార్లు నవ్వారు. ముప్పై ఎనిమిదో పేజీ దగ్గర ఆగిపోయారు.

"తాతగారూ, ఈ ఐదు ఏమిటి?"

"మా మనవరాలివండి. పలక లెక్కపెట్టలేదు."

"అంకె ఒక్కటే రాయమన్నాను."

"అన్నారండి. తప్పు నాది. మా అమ్మాయికి దీంతో సంబంధం లేదు. కావలిస్తే నన్ను కాపలాదారు పని నుంచి తీసెయ్యండి. దారి మాత్రం ముయ్యకండి."

"పలక మీద నడవమని మీరు ఎవరికైనా చెప్పారా?"

"లేదండి. అరిసెలు పెట్టాం."

"పెట్టారు!" అన్నారు వెనకనుంచి దమయంతమ్మ గారు. "మేం చూశాం. పిల్ల ఆ ఐదు అడుగులూ వేసింది. కాదంటే మీ పలకే గుడ్డిది. నా సంతకం కావాలా?"

ప్రభుదాసు గారు పలకకు అవతల చివర కూర్చుని చెయ్యి చాపారు. నీలవేణి గచ్చు మీంచి తన్వికను దించింది. పిల్ల కొత్త మనిషిని ఎగాదిగా చూసింది. నీలం చెప్పులు నచ్చాయి కాబోలు, తప్పటడుగులేసుకుంటూ వెళ్ళి ఒక చెప్పు పట్టుకుంది. నాలుగు అడుగులు. ఆయన గాజు బిళ్ళ వంక చూశారు. అంకె కదల్లేదు. మళ్ళీ పిల్లను చూశారు.

జేబులోంచి కలం తీసి నా ఐదు కింద రాశారు. నేను పైకి చదివాను: "తక్కువ బరువు అడుగులను పలక నమోదు చేయదు. లోపం పలకది. పుస్తకం సరి." కింద సంతకం, తేదీ, ముద్ర.

అందరూ కేకలేశారు. నేను గోడకు ఆనుకున్నాను. నేను కట్టిన గోడ, గట్టిదే, నిలబెట్టింది.

"నీలవేణి గారూ," అన్నారాయన లేస్తూ, "నలభై రోజులు అయిపోయాయి. ఇక మీరు దిగొచ్చు."

మా అమ్మాయి ఎర్ర గచ్చు మీద ముగ్గు తొక్కకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చెప్పుల్లేకుండా, మెల్లగా పలక మీద కాలు పెట్టింది. ఆరేళ్ళు గీసిన దారి మీద మొదటి అడుగు. చల్లగా ఉందనుకుంటాను, నవ్వింది.

ఈ పేజీ కింద ఇంకా ఖాళీ ఉంది. ఉండనీండి. వాళ్ళిద్దరూ రెండో గేటు దాకా వెళ్ళిపోయారు, తన్విక వెనక్కి తిరిగి నా కోసం చూస్తోంది.